తాత కారు సామాన్లు అటక మీద దొరికినాయి: పాలిష్‌కి ఇవ్వాలా, అట్లే ఉంచాలా?

కొర్లగుంట_కుర్రోడు:

అందరికీ నమస్తే. నేనుండేది తిరుపతి, కారు మాత్రం చిత్తూరు పక్కన మా తాత ఊర్లో, మామిడి తోట షెడ్డులో టార్పాలిన్ కింద ముప్పై ఏళ్ళుగా నిద్రపోతా ఉంది. 1950 మోడల్ ఎంజీ టీడీ, ఇంగ్లండులో చేసిన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. (టీటీడీ కాదు, ఒక టీ తక్కువ. ఈ జోకు మా ఇంట్లో ఇప్పటికే అరిగిపోయింది, మీరు మళ్ళీ వేయద్దు.) ఇంగ్లండుకి తిరిగిపోతా ఉన్న ఒక దొర దగ్గర తాత దీన్ని మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడంట. ఇంజన్ పని, బ్రేకుల పని ఒక మేస్త్రీకి అప్పజెప్పినాను, వాటి గురించి ఇంకోసారి అడుగుతా. ఇప్పుడు నా సమస్య అలంకారం సామాన్లు.

పోయిన వారం అవ్వ ఇంట్లో అటక దులుపుతా ఉంటే ఒక రేకు పెట్టె దొరికింది. పాత పంచె ముక్కల్లో చుట్టి పెట్టినాడు తాత. ఎనిమిది మూలల రేడియేటర్ మూత ఒకటి, దాని మీద గడియారం లాగా గుండ్రటి చట్రం, గాజు లోపల సన్నటి గొట్టం. కింద విల్మాట్ బ్రీడెన్, కాలార్మీటర్ అని ఉంది. తర్వాత ఎగిరి దూకుతా ఉన్న పులి లాంటి పిల్లి, పొట్ట కింద డెస్మో అని అక్షరాలు, వీపంతా పొక్కులు పొక్కులుగా లేచింది. ఒక కడ్డీకి బిగించిన రెండు బ్యాడ్జీలు: రెక్కలున్న ఏఏ (ఇంగ్లండు ఆటోమొబైల్ అసోసియేషన్, కార్లోళ్ళ సంఘం) ఒకటి, దాని మీద నంబర్ కొట్టి ఉంది, రెండోది మద్రాసు ఏఏఎస్ఐ వాళ్ళది, అదీ అలాంటి సంఘమే, దక్షిణాదిది. లూకాస్ అనే ఇంగ్లండు కంపెనీ ఫాగ్ ల్యాంప్ ఒకటి, జత లేదు. ఆఖర్న రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద గుండ్రటి బిళ్ళ, దాని మీద ఒక గడ్డం ఆయన భుజం మీద పిల్లోణ్ణి ఎత్తుకుని ఏరు దాటుతా ఉన్నాడు. వీటికి తోడు నేను పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో నాలుగు వేలు పెట్టి కొన్న బ్రూక్‌లాండ్స్ (ఇంగ్లండులో పాత కార్ల రేసు ట్రాక్) బ్యాడ్జీ కూడా ఉంది, నీలం ఎనామిల్, చూడ్డానికి అదిరిపోతుంది.

చెన్నైలో పాత సామాన్ల వ్యాపారి ఒకాయన ఫోటోలు చూసి "అన్నీ తుప్పు సరుకే, మొత్తం కలిపి 25 వేలు ఇస్తా, లేదంటే నాకిస్తే కొత్తవాటి లాగా మెరిపించి పంపిస్తా" అంటున్నాడు. అవ్వేమో చింతపండు నానబెట్టి రెడీగా ఉంది, శుక్రవారం దీపం కుందులతో పాటు వీటినీ తోమేస్తానంటుంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది అసలు, ఏది డూప్లికేట్, ఏది కారు మీద పెట్టచ్చు, ఏది పెట్టకూడదు, తెలిసినవాళ్ళు చెప్పండన్నా.

పుదుపేట_పాతకాపు:

తమ్ముడూ, ముందు ఆ చింతపండు గిన్నె తీసి పక్కన పెట్టమను అవ్వని. మిగతాదంతా తర్వాత.

ఎందుకంటే నీ పిల్లి వీపు మీద పొక్కులన్నావు చూడు, అక్కడే ఉంది కథ. ఇత్తడి మీద వేసిన క్రోమ్ అరిగిపోతుంది, పసుపు బయటపడుతుంది, అంతే కానీ అలా బొబ్బలు లేవదు. బొబ్బలు లేచిందంటే లోపల ఉన్నది జింకు పోత, ఇంగ్లండులో దాన్ని మజాక్ అంటారు. (మన మజాక్ కాదు, ఖర్చు చూస్తే అదే అనిపిస్తుంది గానీ.) క్రోమ్‌లో కంటికి కనపడని చిల్లులుంటాయి, వాటి గుండా చెమ్మ దిగి లోపల జింకు ఉబ్బి, పైన ఉన్న పొరని ఎత్తేస్తుంది. ఆ పగుళ్ళలోకి చింతపండు పులుపు దిగిందనుకో, మిగిలిన జింకుని కూడా అది తినేస్తుంది. కుందులు ఇత్తడి కాబట్టి తట్టుకుంటాయి, ఇది తట్టుకోదు. నమ్మకం లేకపోతే పిల్లి కాళ్ళ కింద, బోల్టు దగ్గర, ఎవరికీ కనపడని చోట సూదితో చిన్న గీత గీయి. పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిద రంగు కనిపిస్తే జింకు. అయస్కాంతం పెట్టి లాభం లేదు, రెండింటికీ అంటుకోదు, ఇనుమైతేనే అంటుకుంటుంది.

ఏ సామానైనా నేను మొదట చూసేది వీపే. ముందు వైపు ఎవడైనా మెరిపిస్తాడు. వెనక వైపు అచ్చు గుర్తులు, ఆకురాయి గీతలు, పాత బోల్టు అరుగుదల, ఇవి ఎవడూ సృష్టించడు, సృష్టించినా తెలిసిపోతుంది. నీ ఫోటోల్లో అన్నీ ముఖాలే ఉన్నాయి. తిప్పి తీసి పెట్టు.

ఇక ఒక్కొక్కటి. ఆ రేడియేటర్ మూత నీ పెట్టెలో మహారాణి. కాలార్మీటర్ అంటే థర్మామీటరే. దాని కింది గొట్టం రేడియేటర్ పై తొట్టిలోకి వేలాడుతుంది, నీళ్ళ పైన ఆవిరి వేడెక్కే కొద్దీ గొట్టంలో రంగు పైకెక్కుతుంది, డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలోంచి చూసుకోవచ్చు. అమెరికాలో బోయ్స్ మోటోమీటర్ అని 1912లో వచ్చింది, ఇదీ అదే సూత్రం. ఇది ఒట్టి షోకు అనుకోవద్దు. మొదట్లో వచ్చిన టీడీల డ్యాష్‌బోర్డులో నీళ్ళ వేడి చూపించే మీటరే లేదు, ఆయిల్ ప్రెషర్ మీటరు మాత్రం ఇచ్చినారు. నీది 1950 కాబట్టి డ్యాష్ చూసుకో, ఆ మీటరు లేకపోతే మీ తాత దీన్ని ఎందుకు అంత జాగ్రత్తగా చుట్టి పెట్టినాడో అర్థమవుతుంది. ఈ కారేసుకుని కొండెక్కాలంటే? 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఒక్కటే అప్పుడు, ఎక్కడానికీ దిగడానికీ అదే, రెండోది 1974లో గానీ రాలేదు. 1250 సీసీ ఇంజను, ఎండాకాలం, పక్కన మీ అవ్వ, ఒళ్ళో పిల్లలు. ఆ గొట్టంలో రంగు ఎక్కడుందో చూసుకోకుండా ఎవడు ఎక్కుతాడు చెప్పు.

దాన్ని పరీక్షించాలంటే మరిగే నీళ్ళలో పడేయద్దు, గాజు పగులుతుంది. చల్లనీళ్ళ గిన్నెలో కింది గొట్టం ఒక్కటే మునిగేలా పట్టుకుని సన్న మంట మీద మెల్లగా వేడి చెయ్యి. రంగు కదిలితే బతికున్నట్టే. కదలకపోయినా పారేయద్దు. ఒక సంగతి, టీడీ తర్వాత వచ్చిన టీఎఫ్‌లో బయట కనిపించే మూత ఉత్తుత్తిదే, అసలు మూత బానెట్ లోపల ఉంటుంది. నీ టీడీలో మూత నిజం మూతే, కాబట్టి ఇది నిజంగా పనిచేసే చోటే పనిచేసింది.

పిల్లి గురించి. అది జాగ్వార్ వాళ్ళ బొమ్మ తీరు, నీ ఎంజీది కాదు. ఫ్రెడరిక్ గోర్డన్ క్రాస్బీ అనే ఆర్టిస్టు గీసిన రూపం అది, 1938లో విడిగా డబ్బు కట్టి కొనుక్కునే యాక్సెసరీగా అమ్మినారు, అప్పటికి ఆ కంపెనీ పేరు ఎస్ఎస్ కార్స్. డెస్మో అనేది బర్మింగ్‌హామ్ యాక్సెసరీల కంపెనీ, మస్కాట్‌లు (కారు ముందు బిగించే బొమ్మలు), అద్దాలు, బ్యాడ్జీ కడ్డీలు చేసేవాళ్ళు. కాబట్టి పిల్లి పాతదే, కారుకి పరాయిది. దొర పెట్టినాడో మీ తాత పెట్టినాడో ఇంట్లో కనుక్కో.

ఏఏ బ్యాడ్జీని ముట్టుకోవద్దు, మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్ళు చాలు. దాని మీద నంబరు మెంబరుది. బఫింగ్ చక్రం (మెరుగు పెట్టే మిషను) మీద పెట్టినావంటే ముందు పోయేది ఆ అంకెల అంచులే. మెంబర్‌షిప్ అయిపోతే బ్యాడ్జీ తిరిగివ్వాలని అప్పట్లో రూలు, అది సంఘం ఆస్తి, మీ దొర ఎగ్గొట్టి ఇక్కడికి పట్టుకొచ్చినాడన్నమాట. ఈ ఏఏ పుట్టిందే 1905లో, పోలీసులు రోడ్డు పక్కన దాక్కుని స్పీడు పట్టుకుంటా ఉంటే డ్రైవర్లని హెచ్చరించడానికి. 1910లో కోర్టు అలా హెచ్చరించడం తప్పంది. అప్పుడు వాళ్ళేం చేసినారంటే, బ్యాడ్జీ ఉన్న కారు కనిపిస్తే సంఘం మనిషి సెల్యూట్ కొడతాడు, సెల్యూట్ కొట్టకపోతే ముందర పోలీసులున్నారని అర్థం. సెల్యూట్ కొట్టనందుకు ఎవడి మీద కేసు పెడతారు! ఆ చిన్న రేకుముక్క ముందు బంపర్ మీద ఎందుకుండేదో ఇదీ ఒక కారణం.

బ్రూక్‌లాండ్స్ గురించి చెప్పాలంటే కాస్త బాధగా ఉంది, వెనక ఫోటో పెట్టినాక చెప్తా.

రేణిగుంట_రెంచి:

పాతకాపు అన్న చెప్పినాక నేను చెప్పేదేముంది గానీ ఫాగ్ ల్యాంప్ గురించి ఒక ముక్క. ఒక్కటే ఉందని బాధపడద్దు, అప్పట్లో చాలామంది ఒక్కటే పెట్టేవాళ్ళు, జత ఉండాలని లేదు. వైరింగ్ చేసేటప్పుడు గుర్తుపెట్టుకో, ఈ కారుకి బ్యాటరీ ప్లస్సు బాడీకి పోతుంది, మన కార్లకి తిరగేసి. మామూలు బల్బుకి ఏ గొడవా లేదు, కానీ మెకానిక్ పిల్లోడు తెలివిగా ఎల్ఈడీ పెట్టినాడనుకో, వెలగదు, ఒక్కోసారి కాలిపోతుంది కూడా. లూకాస్ వాళ్ళని ఇంగ్లీషోళ్ళే 'చీకటి రాజు' అని ఎగతాళి చేస్తారంట, తప్పు వాళ్ళదొక్కటే కాదు, సగం మనం ఎర్త్ సరిగ్గా ఇవ్వకపోవడం.

ఇంకోటి, కొంతమంది టీడీకి తీగల చక్రాలు, మధ్యలో రెండు చెవుల నట్టు పెట్టి షో చేస్తారు. ఫ్యాక్టరీ నుంచి టీడీకి వచ్చింది రేకు డిస్కు చక్రాలే. నీకు అవే ఉంటే మార్చద్దు. చెవుల నట్లున్న కారు మా షెడ్డుకి ఒకసారి వచ్చింది, వేరే మోడలు, ఒకవైపు ఎడమ మరలు, ఇంకోవైపు కుడి మరలు. మా వాడు అది చూసుకోకుండా ఇనప సుత్తితో తప్పు దిక్కుకి పదిహేను దెబ్బలు కొట్టినాడు. చెవి మీద విప్పే దిక్కు బాణం గుర్తు వేసే ఉంది పాపం. వాటికి రాగి సుత్తి వాడాలి, అందుకే టూల్‌కిట్‌లో రాగి సుత్తి ఇచ్చేవాళ్ళు.

మదనపల్లె_మెరుపు:

నాది వేరే మాట. క్షమించాలి పెద్దలు. కారంటే మెరవాలి సార్, ఎగ్జిబిషన్‌కి తీసుకుపోతే బొబ్బలెక్కిన పిల్లిని ఎవరు చూస్తారు? నేను నా హెరాల్డ్ కారుకి అన్నీ తీసి రాగి, నికెల్, క్రోమ్ మూడు పొరలూ వేయించినా, అద్దంలాగా ఉంది, ముఖం చూసి తల దువ్వుకోవచ్చు. అంతా తుప్పు పట్టి ఉంచడమే గొప్పతనం అంటే నాకెక్కదు.

పుదుపేట_పాతకాపు:

మెరుపు గారూ, హెరాల్డ్ బంపర్ వేరు, ఇది వేరు. ఇత్తడి, ఇనుము సామాన్లయితే నేనూ వేయించమనే చెప్తా, మంచి ప్లేటింగ్ షాపులో, బఫింగ్ తక్కువ చేయమని ముందే గట్టిగా చెప్పి. జింకు పోత అలా కాదు. బొబ్బ కింద గుంట పడి ఉంటుంది, ఆ గుంటలో కుళ్ళు మొత్తం గీకి తీసి, రాగితో నింపి, సాపు చేసి, మళ్ళీ రాగి వేసి అప్పుడు నికెల్‌కి పోవాలి. సగం మంది షాపువాళ్ళు ఆ ఓపిక లేక బెల్టు మీద పెట్టి గుంటలు పోయేదాకా అరగదీస్తారు. పిల్లి వస్తుంది, మెరుస్తా వస్తుంది, కానీ చెవులు, గోళ్ళు, పొట్ట కింద డెస్మో అక్షరాలు, ఏవీ ఉండవు. సబ్బుబిళ్ళ లాగా ఉంటుంది. నా దగ్గర అలాంటి సబ్బుబిళ్ళ ఒకటి ఉంది, 1990ల్లో నేనే చేయించుకున్న పాపం, టేబుల్ మీద పేపర్లకి బరువుగా పెట్టుకున్నా.

బాహుదా_బాబు:

కాస్త పక్కదారి. రిజిస్ట్రేషన్ సంగతి చూసుకున్నారా? 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉన్నదాన్ని వింటేజ్ కింద చేయించుకోవచ్చు. పాత నంబర్ ఉంటే అదే ఉంచుకోవచ్చు, కొత్తగా అయితే వీఏ సిరీస్, 20,000 రూపాయలు, పదేళ్ళకి. కానీ రోజూ తిరగడానికి కాదు, ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, పెట్రోలు పోయించుకోవడం లాంటివాటికే. మీ బ్యాడ్జీలు, పిల్లి వీటికేం అడ్డం రావు లెండి, ఇంజన్ జోలికి పోయేటప్పుడే చూసుకోండి.

ఆ ఏరు దాటే ఆయన సెయింట్ క్రిస్టఫర్, క్రైస్తవుల్లో ప్రయాణికులని కాపాడే సెయింటు. ఇంగ్లండులో డ్యాష్‌బోర్డు మీద అది పెట్టుకోవడం మామూలే. మనం స్వామి ఫోటో పెట్టుకున్నట్టే.

కొర్లగుంట_కుర్రోడు:

అన్నలూ, ఆదివారం ఊరికి పోయి వచ్చినా. ఫోటోలు పెట్టినా, అన్నీ వీపులే.

పిల్లి జింకే. సూదితో గీస్తే బూడిద రంగు. చింతపండు ప్రోగ్రాం క్యాన్సిల్, అవ్వ మూతి ముడుచుకుంది గానీ ఆల్బం తీసింది. ఒక ఫోటోలో కారు ముందు పెళ్ళి బట్టల్లో మా చిన్నాయన వాళ్ళు, బంపర్ మధ్యలో కడ్డీ, బ్యాడ్జీలు రెండూ ఉన్నాయి, ఫాగ్ ల్యాంప్ ఎడమ పక్క. రేడియేటర్ మీద కాలార్మీటర్. పిల్లి బానెట్ మీద లేదు! ఎక్కడుందో తెలుసా, ఇంటి వరండా గోడ మీద. అవ్వ చెప్పింది, అది కారుతో వచ్చింది కాదంట, మద్రాసు మూర్ మార్కెట్‌లో తాత నచ్చి కొన్నాడంట, కారుకి పెడతానంటే అవ్వే "ముందర పులి ఎగురుతా ఉంటే వెనక నేను కూర్చోను" అని ఒప్పుకోలేదంట.

డ్యాష్‌లో నీళ్ళ వేడి మీటరు లేదు, పాతకాపు అన్న చెప్పినట్టే. అవ్వని అడిగితే, కొండ దారిలో మోకాళ్ళమిట్ట దగ్గర ప్రతిసారీ ఆగేవాళ్ళమని చెప్పింది. "మీ తాత దిగి ఆ గాజు వంక చూస్తా నిలబడేవాడు, నేను గోవిందా అనుకుంటా కూర్చునేదాన్ని" అంది. గిన్నెలో పెట్టి వేడి చేసినా. రంగు మొదట కదల్లేదు, నేను ఆశ వదులుకుని గ్యాస్ ఆపబోతా ఉంటే చిన్నగా, చాలా చిన్నగా ఎక్కడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరం స్టవ్ చుట్టూ నిలబడి చూసినాం.

బ్రూక్‌లాండ్స్ వెనక కూడా చూడండి. నాకు చూడాలని లేదు.

పుదుపేట_పాతకాపు:

చూసినా. సూది తెచ్చి నీలం మీద మూలన గుచ్చు. నిజం ఎనామిల్ అంటే గాజు పొడిని కొలిమిలో కాల్చి కరిగించింది, గాజే అది, సూది జారిపోతుంది. నీది దిగుతుంది, ఎందుకంటే ఫోటోలోనే తెలుస్తా ఉంది, రంగు అంచు దాటి కాస్త బోర్లించిన గిన్నె లాగా ఉబ్బి ఉంది, అది ప్లాస్టిక్ పోత. నిజందాంట్లో రంగు లోహం అంచుతో సమంగా గానీ ఒక వెంట్రుక లోతుగా గానీ ఉంటుంది. వీపు మీద కూడా అచ్చు నునుపుగా ఉంది, ఎక్కడా బిగించిన గుర్తు లేదు.

ఇంకో మాట, అసలుదే అయినా నీ కారు మీద అది కొంచెం తేడాగానే ఉండేది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ 1907లో మొదలై 1939లో రేసులు ఆగిపోయి మళ్ళీ మొదలవలేదు. నీ కారు పుట్టేసరికి అక్కడ పరుగులు ఆగి పదేళ్ళు దాటింది. ఆ క్లబ్బు బ్యాడ్జీలకి, ముఖ్యంగా గంటకి 120 మైళ్ళు దాటి ల్యాప్ కొట్టినవాళ్ళకి ఇచ్చినవాటికి, లోకమంతా ఎగబడతారు, అందుకే డూప్లికేట్లు అన్ని. నాలుగు వేలకి అసలుది ఎవడూ ఇవ్వడు తమ్ముడూ.

కొర్లగుంట_కుర్రోడు:

గుచ్చినా. వెన్నలో దిగినట్టు దిగింది. అమ్మినవాడికి మెసేజ్ పెడితే నన్ను బ్లాక్ చేసినాడు. సరే, తాళం చెవులకి పెట్టుకుంటా.

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతా. డ్యాష్‌బోర్డు మీద మొదట్నుంచీ వెంకటేశ్వరస్వామి చిన్న ఇత్తడి పలక ఉంది, రెండు స్క్రూలు. రెక్సిన్ కొత్తది వేయించాలి కదా అని విప్పినా. పలక చదరం. దాని కింద రెక్సిన్ మీద రంగు వెలవని చోటు మాత్రం గుండ్రంగా ఉంది, చక్కగా గీసినట్టు. ఆ క్రిస్టఫర్ బిళ్ళ తెచ్చి పెడితే సరిగ్గా సరిపోయింది, స్క్రూ చిల్లులు కూడా. దొర పెట్టిన చిల్లుల్లోనే తాత స్వామిని బిగించినాడు, ఒక్క కొత్త చిల్లు కూడా వేయకుండా. ఆ బిళ్ళని పారేయకుండా పంచెలో చుట్టి పెట్టినాడు.

మేస్త్రీ రెక్సిన్ మొత్తం మార్చేద్దామంటున్నాడు. నేను ఆ ముక్క వరకూ ఉంచి మిగతాది మార్చడానికి వీలవుతుందా అని అడుగుతా ఉన్నా, అతుకు కనపడుతుందని ఆయన సణుగుతా ఉన్నాడు. ఇలాంటి పని చేసే మంచి సీటు కవర్ల అబ్బాయి తిరుపతిలో గానీ చిత్తూర్లో గానీ ఎవరికైనా తెలుసా? చెన్నై వ్యాపారికి ఫోన్ చేసి ఏదీ అమ్మడం లేదని చెప్పేసినా, ఆయన వెంటనే "మూత ఒక్కటైనా ఇవ్వు, 40 వేలు ఇస్తా" అన్నాడు.

పుదుపేట_పాతకాపు:

మొన్న తుప్పు సరుకన్నాడు కదా! ఫోన్ పెట్టేయి. మూత కింద వాషర్ పాతదై ఉంటుంది, కొత్త కార్క్ వాషర్ కోయించుకో, పట్టకర్రతో బిగించద్దు, చేతి బిగింపు చాలు. సీటు కవర్ల మనిషి గురించి రెంచిని అడుగు.

రేణిగుంట_రెంచి:

ఉన్నాడు, పెద్దాయన, సాయంత్రం నాలుగు దాటితేనే దొరుకుతాడు. పర్సనల్ మెసేజ్ చూడు. కారు ఫోటో కాదు, ఆ గుండ్రటి మరక ఫోటో తీసుకుపో, చూస్తేనే ఒప్పుకుంటాడు.